హంబన్‌తొట వారి పిల్ల

ఏడుకొండలుకి ఊళ్ళ పేర్ల పిచ్చి. కొందరికి చుట్ట, కొందరికి పేకాట, ఇతగాడికి ఇది. ఏ ఊరి పేరు చెవిన పడ్డా దాన్ని విడదీసి, ఏ ముక్కకి ఏం అర్థమో తేల్చుకోందే అన్నం సయించదు. నిజాంపట్నం రేవులో మరపడవల మీద వల లాగేవాళ్ళకి అదొక కాలక్షేపం. లంక నుంచి వచ్చినవాడు కనక అందరూ అతన్ని ‘సింహళం’ అనే పిలుస్తారు. వచ్చి మూడేళ్ళు దాటినా అసలు పేరుతో పిలిచే నాథుడు లేడు.

"సింహళం! ఇంకో ఊరు విప్పు," అన్నాడు చుక్కాని పట్టుకున్న గోవిందు. ఆ పొద్దున పడవ వేట ముగించుకుని రేవుకి మళ్ళుతోంది.

"కురునేగల," అన్నాడు ఏడుకొండలు. అతని చేతులు వలలోనే ఉన్నాయి. చిక్కుకున్న పీతని కాళ్ళు విరక్కుండా తప్పిస్తున్నాడు. "కురుణ అంటే కొమ్ముల ఏనుగు. గల అంటే రాయి. ఊరి నెత్తిన ఏనుగు కూచున్నట్టు ఇంత కొండరాయి ఉంటది."

"ఇంకోటి?"

"పేరాదెనియ. పేర అంటే జామ. దెనియ అంటే కొండల మధ్య పల్లపు నేల."

"జామచెట్లని బట్టి ఊరికి పేరు పెట్టుకుంటారంట్రా!" అని పగలబడి నవ్వాడు గోవిందు.

"మరి మనకి చింతలపూడి లేదా? తాడేపల్లి లేదా? ఎక్కడైనా అంతే. మనిషి ఒక చోట దిగ్గానే ముందు చెట్టుని చూస్తాడు, తర్వాత నీళ్ళని చూస్తాడు. వాటి పేరే పెట్టుకుంటాడు. గంపహ అని ఇంకో ఊరుంది. గం అంటే ఊరు, మన గ్రామమే అనుకో. పహ అంటే ఐదు. ఐదూళ్ళు కలిసిన చోటన్న మాట."

"అన్నీ బానే ఉన్నాయి గానీ, మీదే ఊరు?"

"హంబన్‌తొట."

"ఏం తోట? కొబ్బరా, మామిడా?"

పడవంతా గొల్లుమంది. ఇదే ప్రశ్న, ఇదే నవ్వు, వారానికోసారైనా జరగాల్సిందే. ఏడుకొండలు మాత్రం ఎప్పుడూ విసుక్కోడు. "తోట కాదురా నాయనా, తొట. అంటే రేవు. హంబన్ అంటే సంపాన్లు. తూర్పు నుంచి మలయావాళ్ళు వేసుకొచ్చిన ఓడలు. ఆ ఓడలు ఆగే రేవు మాది. పక్కనే ఉప్పు కయ్యలు, ఎండలో చూస్తే కళ్ళు పోతాయి. మా నాన్న ముందు ఉప్పు తీశాడు, తర్వాత పడవెక్కాడు." ఈ మాటలు చెప్పేటప్పుడు మాత్రం అతను వల వదిలేసి నిటారుగా నిలబడతాడు.

పడవలోనే పొయ్యి వెలిగించి టేకు చేప పులుసు పెట్టారు. తట్టంత వెడల్పున్న టేకు, ఆ పూట వలలో పడింది. అందరూ పళ్ళాలు పట్టుకుని కూచున్నారు. ఏడుకొండలు పక్కకి జరిగి గంజిలో ఉప్పు కలుపుకున్నాడు. వాళ్ళ నాన్న టేకు ముట్టలేదట, ఇతనూ ముట్టడు. ఎందుకో అడిగితే తెలీదంటాడు.

"యజమాని తినకపోతే అది ఇంటి ఆచారం. కూలోడు తినకపోతే ఎచ్చులు," అన్నాడు గోవిందు పులుసు జుర్రుకుంటూ. పడవ యజమాని రంగనాయకులు ఇంట్లో కూడా టేకు వండరు. ఆ సంగతి రేవులో అందరికీ తెలుసు. మొగదారి ఇంటిపేరు గలవాళ్ళకి అది తాతల నాటి నియమం.

ఒడ్డున చేపల వేలంపాట మొదలైంది. రొయ్యలకో పాట, చందువలకో పాట. పాటపాడేవాడి గొంతు కాకుల గోలని మించి వినబడుతోంది. ఏడుకొండలు తాడు చుట్టి, చివర ముడేసి, నీళ్ళలోకి దిగబోతుంటే రంగనాయకులు చెయ్యూపి పిలిచాడు. ఆయన కులపెద్ద కూడాను. చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే ఏడుకొండలు పని సులువయ్యేది.

"మా అక్క వాడరేవు నుంచి కబురు పెట్టిందయ్యా," అన్నాడు రంగనాయకులు. "మీ పిల్ల ఆవిడకి తెగ నచ్చింది. ఎండు చేపల దగ్గర ఆ పిల్ల చెయ్యి చూశావా, ఒక్క చేప తోలు చిరగదు అంటంది. వాళ్ళబ్బాయి, మా పోతురాజు కూడా సరేనన్నాడు. ఎల్లుండి తాంబూలాలు పెట్టుకుందామంటంది. కానీ ఒకటే మెలిక."

ఆ మెలిక ఏంటో ఏడుకొండలుకి తెలుసు. ఇంటిపేరు. ఒకే ఇంటిపేరు వాళ్ళు అన్నాచెల్లెళ్ళ వరస అవుతారు. ఇంటిపేరు లేని పిల్లని ఏ వరసన కోడల్ని చేసుకోవాలి? రెండు దేశాల పెద్దలు కూచుని లంకలో ఉన్న మనవాళ్ళలో ఎవరు ఎక్కడివాళ్ళో తేల్చుకున్నప్పుడు, ఓడెక్కించే గుమాస్తా ‘పిచ్చయ్య కొడుకు ఏడుకొండలు, తెలుగువాడు’ అన్నాడు, అంతే. ఇంటిపేరు ఏంటని వాళ్ళడగలేదు, ఇతను చెప్పలేదు.

రంగనాయకులు అక్క నాంచారమ్మ పిల్లని చూసుకోడానికి మొదటిసారి వచ్చినప్పుడు ఉత్త చేతుల్తో రాలేదు. తడి గోనెలో చుట్టి ఇంత టేకు తెచ్చింది. వియ్యపురాలు కాబోయే మనిషి తెచ్చింది కాదనలేక, వండలేక, ఏడుకొండలు భార్య కోటిరత్నం నానా అవస్థా పడి, చివరికి పక్క గుడిసెవాళ్ళకి ఇచ్చేసింది. నాంచారమ్మ గడపలో కూచుని అంతా చూసింది గానీ పల్లెత్తు మాట అనలేదు. లేచేటప్పుడు మాత్రం తండ్రి పేరూ, ఇంటిపేరూ అడిగింది; ఏడుకొండలు తండ్రి పేరొక్కటే చెప్పాడు.

"నేనో ఉపాయం ఆలోచించా," అన్నాడు రంగనాయకులు, భుజం మీద చెయ్యేసి. "నీకు మా ఇంటిపేరు ఇస్తా. దూరపు దాయాదివని నేను చెప్తా, నా మాటకి ఎదురు చెప్పేవాడెవడు? మొగదారి ఏడుకొండలు! ఎట్టా ఉంది? అప్పుడు మా అక్కకి నువ్వు తమ్ముడి వరస, నీ కూతురు మేనకోడలు. మేనరికం భేషుగ్గా కుదురుద్ది."

ఏడుకొండలు తాడు ముడిని విప్పి మళ్ళీ వేశాడు.

"కాకపోతే ఆ లంక కబుర్లు, ఆ హంబతోటా గింబతోటా ఇంక కట్టిపెట్టాలి. మొగదారి వాళ్ళు ఏనాడూ ఈ రేవు దాటి పొట్టచేత పట్టుకుని పోలేదు. నలుగుర్లో నాకు తలవంపు."

"ఆలోచించుకుని చెప్తానండి."

"ఆలోచించడానికి ఏముందయ్యా? అడుక్కునేవాడికి అరవై ఊళ్ళని, నీకు ఎన్ని ఊళ్ళ పేర్లు తెలిస్తే ఏం లాభం, ఒక్క ఇంటిపేరు లేకపోయాక!" రంగనాయకులు ప్రేమగానే నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కూడా నవ్వారు. "ఎల్లుండి పిలుపు నాదే. ‘మొగదారి వారూ, ఉన్నారా?’ అని పిలుస్తా. ‘ఉన్నాం’ అను. ఐపోద్ది."

వాళ్ళలో తాంబూలం పిలుపంటే చిన్న విషయం కాదు. కులపెద్ద లేచి నిలబడి పిల్లనిచ్చేవాళ్ళని ఇంటిపేరుతో మూడుసార్లు పిలుస్తాడు. మూడోసారి లోపు ‘ఉన్నాం’ అన్న జవాబు రావాలి. రాకపోతే ఆకులు ఎత్తేస్తారు, సంబంధం పోయినట్టే. ఆ పిలుపు వినపడ్డ ఇల్లే ఇల్లు. వినపడనిది ఇల్లు కాదు.

మర్నాడు మొగుడూపెళ్ళాలు రేపల్లెలో తెనాలి రైలెక్కారు. పెళ్ళికూతురి సామాను తాంబూలాల నాడే పరిచి చూపించాలి, దాని మీద పేరు కొట్టించి ఉండాలి. ఇత్తడి సామానుకి తెనాలిని మించింది లేదని అందరూ అన్నారు.

కిటికీ దగ్గర చోటు దొరికింది. ఎదురుగా ఖద్దరు చొక్కా పెద్దాయన, పక్కన అరటిగెల. భట్టిప్రోలు దాటేదాకా ఓర్చుకున్నాడు ఏడుకొండలు. ఆపైన వల్ల కాలేదు.

"అయ్యా, బాపట్ల అంటే ఏంటండి?"

"భావనారాయణ స్వామి ఊరయ్యా. భావపురి. అదే నోళ్ళలో నలిగి బాపట్ల అయిందంటారు," అన్నాడాయన, అడిగినందుకు ముచ్చటపడి.

"మరి తెనాలి?"

"మూడు కాలవలు పారే ఊరు గదా, అందుకని కొందరంటారు. నిజమో కాదో నాకు తెలీదు. కాలవలు మాత్రం మూడు."

"నీళ్ళని బట్టే అన్నమాట!" ఏడుకొండలు మొహం విప్పారింది. "మరి మన రేపల్లె?"

"కృష్ణుడు పెరిగిన పల్లె పేరయ్యా అది. మనవాళ్ళు తెచ్చి ఇక్కడ పెట్టుకున్నారు. ఎంత దూరంలో ఉన్న పేరైనా ఇష్టమైతే తెచ్చుకుంటాం, తప్పేముంది?"

ఏడుకొండలు ఆ మాటని తనలో తాను మరోసారి అనుకున్నాడు. వేమూరులో పెద్దాయన గెల భుజానేసుకుని దిగిపోయాడు. అప్పటిదాకా పళ్ళు బిగించి కూచున్న కోటిరత్నం ఇటు తిరిగింది.

"ఊళ్ళ పేర్లన్నీ ఐపోయాయా? ఇంక మన పేరు సంగతి తేలుస్తావా? బిందె మీద ఏం కొట్టించాలి?"

అతను కిటికీ చువ్వ పట్టుకుని బయటికి చూశాడు.

"పలకవేం? మొగదారి అని కొట్టిస్తే నీ నోట్లో ముల్లు గుచ్చుకుంటదా? అది నీ పేరే కదయ్యా! మావయ్య అసలు పేరే కదా! మొగదారి పిచ్చయ్య కొడుకువి నువ్వు. ఆ కులపెద్ద నీ పెదనాన్న కొడుకు. ఎవరి సొమ్మో అడుక్కుంటున్నామా మనం?"

"గట్టిగా అరవకు."

"అరుస్తాను! అమ్మా అయ్యా లేనిదానిలాగా నా కూతురు నిలబడాలా? తెచ్చుకో పోయి నీ పేరు."

ఏడుకొండలు కండువాతో మొహం తుడుచుకున్నాడు. "ఎట్టా తెచ్చుకోనే? నేను ఫలానా అని ఇవాళ చెప్తే, పడవలో వాటాకి వచ్చాడురా సింహళం అంటారు. మా నాన్న నాచేత ఒట్టు వేయించుకున్నాడు. వాళ్ళంతట వాళ్ళు నిన్ను ఫలానా వాడివని గుర్తుపట్టి పిలిస్తే పలుకు. నువ్వుగా పోయి ఆ పేరెత్తకు అన్నాడు. మొగుడు పోయిన పిల్లని చేసుకున్నాడని సొంత అన్నే కదా కులంలో నిలబెట్టి, వీడి ఇంటికి పేరు లేదు, పిలుపు లేదు అని లంక దాకా తరిమింది! ఆ అన్న కొడుకు ఇవాళ నా భుజం తట్టి అదే పేరు నాకు ముష్టి వేస్తానంటున్నాడు. నీదే తీసుకోమంటే తీసుకుంటానే. నాది ఇస్తానంటే తీసుకోను."

"రెంటికీ తేడా ఏంటి?"

"నీకు తెలుసు."

కోటిరత్నానికి తెలుసు. తెలిసే ఆవిడ కళ్ళొత్తుకుంది. "నీ పౌరుషం నీ దగ్గరుంచుకో. పిల్ల పెళ్ళి పోతే మాత్రం నేను ఊరుకోను," అంది.

తెనాలి ఇత్తడి కొట్టు ముందు అరుగు మీద పేర్లు కొట్టే ఆయన కూచుని ఉన్నాడు. ఒళ్ళో గోనెపట్టా, దాని మీద ఎవరిదో కంచం, చేతిలో బుల్లి సుత్తీ, ఉలీ. చుక్క పక్కన చుక్క పడి అక్షరమవుతోంది. చూస్తూ నిలబడితే కాలం తెలీదు. బిందె, చెంబు, పళ్ళెం బేరమాడి కొని కోటిరత్నం ఆయన ముందు పెట్టింది.

"పిల్ల పేరమ్మా?"

"సరోజ."

"ఇంటిపేరు?"

సుత్తి గాలిలో ఆగింది. కోటిరత్నం మొగుడి వైపు చూసింది. ఆ చూపులో కోపం ఎంతుందో, బతిమాలడం అంతే ఉంది. వీధిలో రిక్షా ఒకటి గంట కొట్టుకుంటూ పోయింది. ఏడుకొండలు బిందె నున్నటి భుజం మీద చెయ్యి వేసి నిమిరాడు.

"హంబన్‌తొట," అన్నాడు.

"ఏంటండీ?"

అక్షరం అక్షరంగా చెప్పాడు. పేర్లు కొట్టే ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఇంత పొడుగెందుకండీ? మొదటక్షరం వేసి చుక్క పెడతాను. అందరూ అంతే వేయించుకుంటారు."

"అందరి ఇంటిపేర్లూ అందరికీ తెలుసండి. చుక్క పెట్టినా సరిపోద్ది. మాది ఎవరికీ తెలీదు. మొత్తం కొట్టండి."

"ఎక్కడండీ ఈ ఊరు?"

"సముద్రం అవతల. ఓడలాగే రేవు."

ఆయన సుద్దముక్కతో బిందె మీద రాసుకుని, తల పక్కకి వాల్చి సరిచూసుకుని, మొదటి చుక్క కొట్టాడు. కోటిరత్నం మొహం అటు తిప్పుకుంది. నాలుగైదు చుక్కలు పడ్డాక ఉన్నట్టుండి ఇటు తిరిగి, "ఏవయ్యా, అంత పైపైన కొడుతున్నావేం? లోతుగా కొట్టు. చింతపండేసి తోమితే చెరిగిపోకూడదు," అని గద్దించింది. మొగుడితో మాత్రం తిరుగు రైల్లో ఒక్క మాట మాట్లాడలేదు.

తాంబూలాల నాడు గుడిసె ముందు తాటాకు పందిరి వేశారు. లంక నుంచి వచ్చినవాళ్ళ గుడిసెలు రేవుకి ఎడంగా, ఉప్పునేల మీద ఉంటాయి. ఆ రోజు రేవు జనం అటు కదిలింది. సింహళం ఇంట్లో శుభకార్యం ఎట్టా ఉంటదో చూద్దామని కొందరు, భోజనానికి కొందరు. వాడరేవు నుంచి నాంచారమ్మ, పోతురాజు, నలుగురు పెద్దలు బస్సు దిగి వచ్చారు. నాంచారమ్మ మనిషి పొట్టి, జుట్టు నెరిసింది, గొంతు పెద్దది. చేపల పాటల్లో ముప్ఫై ఏళ్ళు అరిచిన గొంతు. పోతురాజు తల వంచుకుని తల్లి వెనకాల నిలబడ్డాడు గానీ, కళ్ళు మాత్రం గుడిసె గుమ్మం మీదే ఉన్నాయి.

చాప మీద సామాను పరిచారు. ఆడవాళ్ళు చుట్టూ చేరారు. ఇత్తడి బరువు చూసేవాళ్ళు చూశారు, గోటితో మీటి మోత వినేవాళ్ళు విన్నారు. నాంచారమ్మ బిందెని రెండు చేతులా ఎత్తి వెలుగు వైపు తిప్పింది.

"నాకు చదువు రాదు. ఏం రాయించారే పిల్లా, చదువు," అంది.

సరోజ తండ్రి వైపు చూసింది. అతను తలూపాడు. ఆ పిల్ల కొంగు సవరించుకుని, అందరికీ వినబడేలా చదివింది. "హంబన్‌తొట సరోజ."

పందిట్లో ఎవరో కిసుక్కుమన్నారు. ఆకులూ వక్కలూ ఉన్న పళ్ళెం ముందు కూచున్న రంగనాయకులు మొహం నల్లబడింది.

"ఏంటదీ? మళ్ళీ చదవమ్మా."

సరోజ మళ్ళీ చదివింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"ఏవయ్యా సింహళం," అన్నాడు రంగనాయకులు, గొంతు అదుముకుంటూ. "నేనిస్తానన్న పేరు నీకు చేదయిందా?"

"చేదు కాదండి. ఎరువు. ఎరువు సొమ్ము బరువు చేటంటారు."

"ఎచ్చులకి పోతున్నావు! ఎక్కడో పరాయి దేశంలో ఊరి పేరు పట్టుకొచ్చి ఇంటిపేరంటే ఎవడొప్పుకుంటాడు?"

"మొగదారి కూడా ఊరి పేరేగా అండి," అన్నాడు ఏడుకొండలు. చేతులు కట్టుకునే ఉన్నాడు గానీ గొంతు మాత్రం వణకలేదు. "ఏరు సముద్రంలో కలిసే మొగ కాడ దారి. మీ ముత్తాతలు అక్కణ్ణించి పడవ లాక్కుంటూ ఈ రేవుకి వచ్చి ఉంటారు. ఎవరొచ్చారంటే మొగదారి వాళ్ళొచ్చారు అని ఇక్కడివాళ్ళు అనుంటారు. అదే నిలబడిపోయింది. మేం హంబన్‌తొట నుంచి వచ్చాం. మా అమ్మానాన్నా ఇద్దరూ ఆ మట్టిలోనే ఉన్నారు. నా పిల్ల అక్కడ పుట్టింది. ఎక్కడ మనుషులమో అదే మా పేరు. ఇందులో దొంగతనం ఏముందండీ?"

పెద్దల్లో గుసగుసలు లేచాయి. రంగనాయకులు కండువా దులిపి భుజాన వేసుకుని లేచాడు. "అక్కా, పద. గతిలేనివాడని జాలిపడ్డందుకు నాకు బుద్ధొచ్చింది. నేను పిలవను. నేను పిలవందే ఈ సంబంధం ఎట్టా జరుగుద్దో చూస్తా."

కోటిరత్నం గుమ్మానికి ఆనుకుని కళ్ళు మూసుకుంది. పోతురాజు తల్లి కొంగు పట్టుకుని లాగాడు. నాంచారమ్మ బిందెని మెల్లిగా కింద పెట్టింది.

"కూచోరా," అంది తమ్ముడితో. రంగనాయకులు నిలబడే ఉన్నాడు. "కూచోమన్నానా!" అని ఒక్క అరుపు అరిచింది. కులపెద్ద చతికిలబడ్డాడు.

నాంచారమ్మ ఏడుకొండలు వైపు తిరిగింది. "నీ తండ్రి పేరు పిచ్చయ్య అన్నావు. తల్లి?"

"మహలక్ష్మి."

"ఎడమ బుగ్గన పుట్టుమచ్చ ఉండేది."

ఏడుకొండలు తలూపాడు.

"నువ్వు రేవులో నడిచిపోతుంటే చూశాను మొదటిసారి. ఆ నడక నేనెరుగుదును. సరే, నడకదేముంది, ఎవడైనా నడుస్తాడు. అందుకే మీ ఇంటికి టేకు తెచ్చాను." ఆవిడ పందిట్లో జనాన్ని కలియజూసింది. "ఈ తీరంలో టేకు వద్దనే ఇల్లు ఒక్కటే. మా పుట్టిల్లు. ఈ పిల్ల తల్లి ఆ చేపని ముట్టుకోకుండా గోనెతో సహా పక్కింటికి పంపేసింది. నాకు ఆ పూటే తెలుసు వీడు మా పిచ్చయ్య బాబాయి కొడుకని."

"అక్కా!" అన్నాడు రంగనాయకులు.

"నీకేం తెలుసురా, అప్పుడు నువ్వు పాకుతున్నావు. అప్పటి కులపెద్ద మన నాన్నే, ఓ పెళ్ళి పందిట్లో నేను ఆయన పక్కనే కూచునున్నా. అన్ని ఇళ్ళనీ పేరు పేరునా పిలిచి ఆకులిచ్చారు. బాబాయి కొత్త పెళ్ళాన్ని పక్కన పెట్టుకుని పందిరి చివర నిలబడ్డాడు. పిలుస్తారు పిలుస్తారని చూస్తానే ఉన్నాడు. ఆకులు ఐపోయాయి. పిలవలేదు. నాన్నని అడిగాను, బాబాయిని మర్చిపోయావని. చెంప పగలగొట్టాడు." నాంచారమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "అప్పటి దెబ్బరా. ఇప్పటికీ మండుద్ది."

గోవిందు నోరు తెరుచుకుని ఏడుకొండలునే చూస్తున్నాడు.

"మరి ఇన్నాళ్ళూ తెలిసి, ఇంటిపేరు ఏదని ఎందుకు అడిగావక్కా?" అన్నాడు ఏడుకొండలు.

"నువ్వే చెప్తావేమోనని. మధ్యలో వీడు తగుదునమ్మా అని బయల్దేరాడు, నీ పేరే నీకు దానం చెయ్యడానికి!" ఆవిడ తమ్ముణ్ణి చూసి తల కొట్టుకుంది. "తీసుకుంటావా లేదా అని చూశాను. తీసుకుని ఉంటే పిల్లని చేసుకునేదాన్నే, కాదనను. కానీ నిన్ను చూసి ఇంత గర్వపడేదాన్ని కాదు."

రంగనాయకులు ఆకుల పళ్ళెం పక్కకి జరిపాడు. తర్వాత లేచి, నాలుగడుగులు వేసి, ఏడుకొండలు ఎదురుగా నిలబడ్డాడు. "తమ్ముడూ," అన్నాడు. ఆ మాట అనడానికి ఆయనకి కష్టమే అయింది. "నేను ఇచ్చేదేం లేదు. అది నీదే. మొగదారి వారూ అని పిలుస్తాను. హక్కుగా పలుకు."

పిచ్చయ్య బతికుండగా ఈ మాట వినుంటే ఏమై ఉండేవాడో! ఉప్పు కయ్యల గట్టు మీద కూచుని ఉత్తరం దిక్కు చూస్తూ చుట్ట కాల్చుకునే ఆ ముసలాయన ఏడుకొండలు కళ్ళ ముందు నిలబడ్డాడు. ఇంక చాలు, ఒట్టు తీరింది. ఔనంటే ఐపోతుంది. అతను చాప మీద బిందెని చూశాడు. లోతుగా కొట్టిన చుక్కలు ఎండలో మెరుస్తున్నాయి.

"ఆ పేరు మా నాన్నదన్నా," అన్నాడు. "ఆయనది ఆయనకి ఇచ్చెయ్యండి. జనం ముందు ఇవ్వండి. మాకు మాది ఉంది."

"రెండు పేర్లు ఎట్టా కుదురుద్దయ్యా?" అన్నాడు వాడరేవు పెద్దల్లో ఒకాయన. "వరస ఏమవ్వాలి?"

"నా తమ్ముడి కూతురు నాకు మేనకోడలు. ఇంతకంటే వరసేం కావాలయ్యా నీకు?" అని ఆయన మీద విరుచుకుపడింది నాంచారమ్మ. "ఆ పేరుకి అర్థం ఏంటో చెప్పు తమ్ముడూ, వినని వీళ్ళని."

"ఓడలాగే రేవు అక్కా."

"ఏంటీ!" నాంచారమ్మ చప్పట్లు చరిచి నవ్వింది. "మా వాడరేవూ అంతేగా, వాడంటే ఓడే! ఓడరేవు పిల్ల ఓడరేవుకే వస్తంటే ఏడుస్తారేంట్రా అందరూ? పిలవరా రంగనాయకులూ, పొద్దు పోతంది."

రంగనాయకులు కండువా నడుముకి బిగించి పందిరి మధ్య నిలబడ్డాడు. ఎన్ని పెళ్ళిళ్ళకి పిలిచాడో, ఎన్నడూ తడుముకోని మనిషి. ఇవాళ రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మొగదారి పిచ్చయ్య గారి మనవరాలిని," అని ఎత్తుకున్నాడు. ఆ మాటకి వెనక వరసలో ముసలివాళ్ళు ఇద్దరు ముగ్గురు లేచి నిలబడ్డారు. "వాడరేవు పోతురాజుకి ఇవ్వడానికి, హంబ... హంబతో..." నాలుక తిరగలేదు. సరోజ పెదవులు కదిలాయి, మెల్లిగా అందించింది. "హంబన్‌తొట వారూ! ఉన్నారా?"

ఏడుకొండలు నోరు తెరిచాడు. మాట రాలేదు.

"హంబన్‌తొట వారూ! ఉన్నారా?" ఈసారి తడబడలేదు. పిలుపు గుడిసెలన్నీ దాటి వినబడింది.

అతని కళ్ళ నిండా నీళ్ళు. జనం మెడలు సాచి చూస్తున్నారు. పోతురాజుకి చెమట పట్టింది. ఇంకొక్కటే మిగిలింది. కోటిరత్నం గుమ్మం వదిలి వచ్చి మొగుడి పక్కన నిలబడి, మోచేత్తో డొక్కలో ఒక్క పోటు పొడిచింది.

"ఇంతా చేసి ఇప్పుడు మూగనోము పట్టావా? పలుకు!"

రంగనాయకులు గుండెల నిండా గాలి పీల్చుకున్నాడు. రేవులో పాటపాడేవాళ్ళకి కూడా వినబడాలన్నట్టు, మూడోసారి పిలిచాడు.

"హంబన్‌తొట వారూ! ఉన్నారా?"

"ఉన్నాం," అన్నాడు ఏడుకొండలు.